ప్రళయానంతర ప్రణయము

కథలో కథ చెప్పుట మనకు క్రొత్త గాదు. జూదములో సర్వమును కోల్పోయి అడవిలో కూర్చున్న ధర్మరాజు, తనకంటె దురదృష్టవంతుడైన రాజు ఎవడైన నుండెనా యని అడుగగా, బృహదశ్వుడు నలుని కథ నెత్తుకొనును. అంతటితో పాండవుల కథ నిలిచిపోవును. నలుడు, దమయంతి, హంస, కలి, బాహుకుడు - వీరితోనే మన మనస్సు నిండిపోవును. అయినను నన్నయగారి ఆ ఘట్టమును చదివి "ఇది ఇక్కడ ఎందుకు?" అని విసుగుకొన్న పాఠకుని నేనింతవరకు ఎరుగను. కథ ముగియగానే ఆ ముని ధర్మరాజునకు అక్షహృదయమను విద్యను ఉపదేశించి పోవును. విన్నవాడు వట్టిచేతులతో లేవడు. ఉపకథ ప్రధానకథకు చెల్లింపవలసిన కప్పమేదియో తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడెల్ల నేను ఈ ఉదాహరణమునే చూపుచుందును.

ఈమధ్య ఎం.ఏ. విద్యార్థులకు ఈ పాఠమే చెప్పుచుండగా ఒక విద్యార్థిని లేచి, "కప్పము చెల్లించకుండానే మనసు దోచుకొనిపోయిన ఉపకథలు ఉండవాండీ?" అని అడిగెను. అడిగి ఊరకుండక, ఒక అమెరికా టెలివిజన్ నాటకములోని మూడవ భాగమును చూడవలసినదని నాకు పురమాయించెను. గురువులకు శిష్యులు పని చెప్పు కాలమిది. చూచితిని. రెండవమారు కాగితము, కలము చేతబట్టుకొని చూచితిని. ఆ పిల్ల ప్రశ్నకు తరగతిలో చెప్పిన సమాధానము నాకే చాలలేదు. అందువలన ఈ వ్యాసము.

ఆ నాటకము పేరు "ది లాస్ట్ ఆఫ్ అస్". 2013లో నాటీ డాగ్ అను సంస్థ వెలువరించిన వీడియో గేమ్ దీనికి మూలము. ఆ గేమ్ రచయిత నీల్ డ్రక్‌మన్, అంతకుముందు 2019లో చెర్నోబిల్ దుర్ఘటనను నాటకముగా వ్రాసిన క్రెయిగ్ మేజిన్, ఇరువురును కలిసి దీనిని హెచ్.బి.ఓ. సంస్థకు తయారుచేసిరి. తొమ్మిది భాగముల మొదటి విడత 2023 జనవరి 15న ప్రారంభమయ్యెను. నేను చెప్పబోవు మూడవ భాగము అదే నెల 29న వెలువడినది. దీనిని వ్రాసినవాడు మేజిన్, దర్శకత్వము వహించినవాడు పీటర్ హోర్. నిడివి ఇంచుమించు గంటంబావు. కథ ముందుగా తెలియగూడదను పట్టుదల గలవారు ఇక్కడ ఆగిపోవచ్చును. మన పురాణములు కథ తెలిసినవారి కొరకే చెప్పబడినవి గనుక నేను ఆ మర్యాదను పాటింపలేను.

చీమల దేహమున ప్రవేశించి వాని నడకను తన వశము చేసికొను శిలీంధ్రమొకటి ప్రకృతిలో నిజముగనే కలదు. బూజు జాతికి చెందిన అట్టి ప్రాణి మనుష్యులకే సోకినచో ఏమగునను ఊహ ఈ కథకు బీజము. 2003 సెప్టెంబరులో, తినెడి పిండి మొదలగు వస్తువుల మూలమున, అది లోకమంతటను వ్యాపించును. కొలది దినములలో ప్రభుత్వములు కూలును. మిగిలినవారు గోడలు కట్టిన పట్టణములలో సైనికుల కావలి క్రింద బ్రదుకుచుందురు. ఇరువది యేండ్ల తరువాత, అనగా 2023లో, కూతురిని పోగొట్టుకొన్న జోయెల్ అనువాడు, ఆ తెగులు సోకినను చావని ఎల్లీ అను బాలికను దేశమునకు అడ్డముగా పడమటికి తీసికొనిపోవుట ప్రధానకథ. వానికి తోడుగా బయలుదేరిన టెస్ అను స్త్రీ రెండవ భాగము చివర మరణించును. మరణించుచు, ఈ బాలికను బిల్, ఫ్రాంకుల యింటికి చేర్చుమని చెప్పును. ఆ బిల్, ఫ్రాంకుల కథయే ఈ మూడవ భాగము.

భాగము ప్రారంభమున జోయెల్ ఏటియొడ్డున రాళ్లు పేర్చుచుండును. టెస్ కొరకని మనము గ్రహింపవలసినదే గాని ఎవ్వరును చెప్పరు. తరువాత ఇరువురును నడచుచు ఒక గోతి దగ్గరకు వత్తురు. గోతినిండ ఎముకలు, మట్టిపట్టిన బట్టలు. తెగులు ప్రబలిన తొలి దినములలో సైనికులు పల్లెలలోని జనమును పట్టణముల రక్షణకు కొనిపోవుదుమని నమ్మబలికి ఎక్కించుకొనిపోయిరి. పట్టణములలో చోటులేనిచో దారిలోనే చంపివేసిరి. రోగము లేనివారినే. చచ్చినవానికి రోగమంటదు, అంటించను లేడు - ఇది వారి తర్కము. జోయెల్ దీనిని ఎల్లీకి రెండు మూడు ముక్కలలో చెప్పును. దర్శకుడు ఆ గోతిలోని ఒక శిశువు గుడ్డపై దృష్టి నిలుపును. మరుక్షణమున కాలము ఇరువది యేండ్లు వెనుకకు పోవును. అదే గుడ్డలో చుట్టిన బిడ్డను ఎత్తుకొని ఒక తల్లి లింకన్ అను ఊరిలో సైనికుల బండి యెక్కుచుండును.

ఇన్ని మాటలలో నేను చెప్పిన దానిని ఆ నాటకము ఒక్క మాటయు లేకుండ చెప్పినది. ధ్వని యనగా ఏమని విద్యార్థులడిగినచో ఇకమీదట చూపుటకు నాకొక నవీనోదాహరణము దొరికినది. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. ఈ గుడ్డ దగ్గరకు మరల రావలసియున్నది.

లింకన్ అనునది మసచూసెట్స్ రాష్ట్రములో బోస్టనుకు చేరువనున్న ఊరు. బండ్లలో ఊరంతయు తరలిపోవుచుండగా బిల్ అను నడివయస్కుడు తన నేలమాళిగలో తుపాకుల నడుమ దాగి, కెమెరాలలో ఆ దృశ్యమును చూచుచుండును. ప్రభుత్వమును ఏనాడును నమ్మనివాడు. చిత్రమేమనగా, ఆ దినమున వాని అనుమానమే నిజమైనది. నమ్మినవారు గోతిలో పడిరి, నమ్మనివాడు మిగిలెను. బండ్లు పోయిన తరువాత వాడు వెలికి వచ్చి, నిర్మానుష్యమైన వీధిని చూచి సంతోషించును. దుకాణములనుండి సామగ్రి తెచ్చుకొనును, ఊరికి కంచె వేయును, ఉచ్చులు పన్నును, కోళ్లను పెంచును, ఒంటరిగా కూర్చుండి కమ్మగా వండుకొని తినును. నాలుగేండ్లు గడచును.

2007లో బోస్టను దారిబట్టి పోవుచున్న ఫ్రాంక్ అనువాడు వాని గోతియుచ్చులో పడును. ఒక పూట భోజనము పెట్టి పంపివేయవలెనని బిల్ తలపు. భోజనము ముగిసిన తరువాత ఫ్రాంక్ పియానో ముందు కూర్చుండి లిండా రాన్‌స్టాట్ 1970లో పాడిన ఒక విరహగీతమును తడబడుచు మీటును. బిల్ వానిని వారించి, తానే కూర్చుండి మెల్లగా పాడును. ఈ భాగమునకు ఆ పాట పేరే పెట్టినారు. మోటుచేతులు మీటలపై ఆడుట, గొంతు సరిగా పెగలకుండుట, పాట ముగియగానే తల యెత్తలేకపోవుట - నిక్ ఆఫర్మన్ అను నటుడు ఇక్కడ చూపినది అభినయమనుటకంటె తలుపు తెరచుట యనవలెను. హాస్యపాత్రలకు పేరుపడ్డ నటుడాయన. అతిథి నటునిగా ఈ పాత్రకు 2024 జనవరిలో ఎమ్మీ పురస్కారము నందుకొనెను. ఫ్రాంక్ పాత్రధారి మర్రే బార్ట్‌లెట్‌కు బహుమతి రాలేదు గాని, బిల్ కఠినత్వమును కరగించు చనువు ఆయనదే.

పురుషులిరువురి ప్రేమ అను విషయమున కొందరు ముఖము చిట్లింతురని నాకు తెలియును. దానిని గూర్చి మన దేశపు అత్యున్నత న్యాయస్థానము 2018లో చెప్పవలసినది చెప్పినది. నేను కావ్యవిమర్శకుడను మాత్రమే. రతి స్థాయీభావముగా నిలిచినదా లేదా అన్నదే నా ప్రశ్న. నిలిచినది. ఆలంబనము ఎవరన్న ప్రశ్న ఈ కథ చూచుచున్నంతసేపు నాకు తోచనేలేదు.

నిలుచుటకు కారణమేమి? చిన్న వస్తువులు. ఫ్రాంక్ వీధిలోని అంగళ్లకు రంగు వేయవలెనని కోరును. ఎవరి కొరకని బిల్ అరచును. కొనువారు లేని అంగడికి రంగెందుకు? వస్తువులను బాగుచేసికొనుట, వానిపై శ్రద్ధ చూపుట ప్రేమకు ఒక రూపమే యని ఫ్రాంక్ భావము. నడివీధిలో వారిరువురు పోట్లాడుకొను తీరు ఏ యూరి మొగుడుపెండ్లాల తగవునకును తీసిపోదు. మరియొకనాడు ఫ్రాంక్ బిల్ కన్నుగప్పి పెంచిన స్ట్రాబెర్రీ పండ్లను చూపును. ఒక చిన్న తుపాకిని జోయెల్, టెస్‌ల కిచ్చి దానికి మారుగా విత్తనములు సంపాదించెనట! తుపాకి నిచ్చి విత్తనము కొనుట - ఈ కథలోని తత్త్వమంతయు ఆ బేరములో నున్నది. బిల్ పండు కొరికి చిన్నపిల్లవానివలె నవ్వును. ఆ వెంటనే, నీవు రాకముందు నాకు భయమన్నది తెలియదనును. ఎన్నో ఏండ్ల తరువాత నోటికి తగిలిన తీపి వానిచేత పలికించిన మాట అది. ప్రేమకు భయము వ్యభిచారిభావమగుటను ఇంత సహజముగా చూపిన ఘట్టములు తెరపై నేను చూచినవి తక్కువ.

కథన చాతుర్యమునకు ఇంకొక ఉదాహరణము చాలును. ఒక రాత్రి వానలో దోపిడిగాండ్రు ఊరిపై పడుదురు. బిల్ నడివీధిలో నిలుచుండి కాల్చును, తానును దెబ్బతినును. వాడు చనిపోవుననియే మనము తలంతుము. జోయెల్‌ను పిలిపించుకొమ్మని ఫ్రాంకుకు అప్పగింతలు పెట్టును. అంతలో తెర మారి పదియేండ్లు గడచిపోవును. బిల్ బ్రతికియే యుండును. చక్రముల కుర్చీలో నున్నవాడు ఫ్రాంక్! తుపాకికి భయపడిన మనము వ్యాధిని మరచితిమి. బూజు తినని దేహమును, దోపిడిగాడు చంపని దేహమును కాలము తన తీరున తానే వంచినది. ప్రళయకథలలో పేరులేని మామూలు జబ్బుతో మంచము పట్టినవాని నుంచుట, నా యెరుకలో, అరుదైన సాహసము.

ఇక దోషముల మాట. మొదటి ఆక్షేపణ ప్రధానకథ నిలిచిపోయెనన్నది. జోయెల్, ఎల్లీలు మొదట కొంతసేపు, చివర కొంతసేపు మాత్రమే కనుపింతురు. నడుమనున్నదంతయు ఎన్నడో గడచిన కథ. అంగము మితిమీరి పెరుగుటను మమ్మటుడు రసదోషములలో చేర్చెను గదా యని మా విద్యార్థి ఒకడు పుస్తకము తెచ్చి చూపెను. మూలమైన వీడియో గేమ్‌లో ఈ కథ ఇట్లు లేదు. అక్కడ బిల్ బ్రతికియుండి జోయెల్, ఎల్లీల వెంట తిరుగును. ఫ్రాంక్ అప్పటికే ఉరివేసికొని చనిపోయియుండును. బిల్ నెంత ద్వేషించెనో తెలుపు చీటి యొకటి మిగులును. రచయితలు ఆ ద్వేషపు చీటిని ప్రేమలేఖగా మార్చి, ఉపపాత్రలకు ఒక పూర్ణకథను కల్పించిరి. మూలమును మార్చుట నేరము కాదు. మన భారతకవులు చేయని పనియా? విస్తృతిని గూర్చియు నాకు పేచీ లేదు. వినెడి జోయెల్‌కు చివర ఒక ట్రక్కు, కొన్ని ఆయుధములు, ఒక లేఖ లభించును. అక్షహృదయము వంటి కప్పము అందినట్లే. ఇరువది యేండ్లనాటి పెట్రోలుతో బండి నడుచునా యని లెక్కలడుగువారు హంస మాటలాడునా యనియు అడుగవలసియుండును.

నాకు కష్టముగా తోచినవి వేరు.

ఫ్రాంక్ ఒకనాటి ఉదయము, ఇదే తన కడపటి దినమని నిశ్చయించుకొనును. తనకు నచ్చినట్లు ఆ దినమును గడపనిమ్మని అడుగును. మంచి బట్టలు కట్టుకొందురు, ఉంగరములు మార్చుకొని పెండ్లాడుదురు, మొదటినాటి భోజనమునే బిల్ మరల వండి పెట్టును. చివర మందుబిళ్లలు కలిపిన మద్యపాత్రను ఫ్రాంక్ త్రాగును. బిల్ కూడ త్రాగును. సీసాలోనే ముందుగా మందు కలిపియుంచినట్లు అప్పుడు బయటపడును. అది తెలిసిన ఫ్రాంక్, దీనికి నేను కోపగింపవలసినదే గాని బయటనుండి చూచినచో ఎంత శృంగారభరితముగా నున్నదను అర్థము వచ్చునట్లు మాటలాడును.

ఇక్కడ నాకు కలము ఆగినది. రసమును దాని పేరుతోనే చెప్పుటను మన ఆలంకారికులు స్వశబ్దవాచ్యత్వ దోషమనిరి. "ఇది కరుణము సుమా" అని కవి చెప్పినచో కరుణము ఆవిరియగును. శిశువు గుడ్డను చూపి నోరు మెదపని రచయితయే ఇచ్చట పాత్రచేత "ఇది శృంగారము" అని చదివించెను. నమ్మకము చాలక గాబోలు! పాత్ర హాస్యమునకు అన్నదని సర్దుకొనవచ్చును. కాని ఆ మాట కేవలము అలంకారదోషము కాదు. మనమేమి భావింపవలెనో అది ముందుగానే నిర్ణయించుచున్నది.

ఎందుకు భావింపవలెను? ఫ్రాంక్ సంగతి వేరు. నయముగాని వ్యాధితో నున్నవాని కోరిక అది. దానిపై వాదములున్నవి, అవి పెద్దవి. బిల్ వ్యాధిగ్రస్తుడు కాడు. వయసు మళ్లినవాడు, తృప్తి చెందినవాడు, అంతే. తనవాడు పోయిన తరువాత తన కుండవలసిన పని లేదని వాడు చెప్పును. భాగస్వామి చితిపై రెండవవాడు చేరుటను పరమప్రేమగా కీర్తించు కవిత్వము మనకు క్రొత్తయా? మాద్రి మొదలుకొని ఎందరి పేర్లు వినలేదు? సహగమనమును 1829లో బెంగాలు రాజధానిలో, మరుసటి యేడు మద్రాసు రాజధానిలో శాసనముచేత నిషేధింపవలసి వచ్చినది. ఆ మంటకు మన పూర్వులు పద్యములలో పూలు చల్లుచుండిరి. బిల్ మరణము అట్టిది కాదు, వానిని ఎవ్వరును నెట్టలేదు, లోకులు చుట్టు చేరి డప్పులు కొట్టలేదు. ఈ భేదమును నేను మరువను. అయినను కూడ చచ్చుటయే ప్రేమకు పరాకాష్ఠ యను భావమును అందమైన దీపకాంతిలో, తీయని సంగీతముతో చూపినప్పుడు తెలుగు చదువరి కొంచెము వెనుకకు జరిగి కూర్చుండవలెనని నా మనవి. మన కీ అందముతో పాత పరిచయమున్నది.

ఉపాధ్యాయులకు ఒక మాట. పదునారు, పదునేడేండ్ల పిల్లలు దీనిని చూచుచున్నారు. చూడవద్దనుట వ్యర్థము. చూచిన తరువాత, ఫ్రాంక్ లేని మరునాడు బిల్ ఏమి చేసియుండవచ్చునో వారిచేత ఒక పుట వ్రాయింపుడు. స్ట్రాబెర్రీ మళ్లకు నీరు పెట్టువాడెవడు? రంగు వేసిన అంగళ్ల దుమ్ము దులుపువాడెవడు? శ్రద్ధయే ప్రేమయని ఫ్రాంక్ నేర్పిన పాఠమును బిల్ చివర మరచెననియే నాకు తోచుచున్నది. మా తరగతిలో ఇద్దరు నాతో ఏకీభవింపలేదు. వారి పుటలు నా పుటకంటె బాగున్నవి.

తరువాత జోయెల్, ఎల్లీలు వత్తురు. మేజాపై ఎండిన పూలు, కుళ్లిన భోజనము, ఒక లేఖ. ఎల్లీ దానిని బిగ్గరగా చదువును. తాను లోకమును ద్వేషించితిననియు, అందరును చచ్చినప్పుడు సంతోషించితిననియు, అది పొరపాటనియు, కాపాడదగినవాడు ఒక్కడుండెననియు, నీవంటివారును నావంటివారును పుట్టినది తమవారిని కాచుటకే యనియు, టెస్‌ను కాపాడుటకు తన ఆయుధములన్నియు తీసికొమ్మనియు బిల్ వ్రాసియుండును. టెస్ పేరు రాగానే ఎల్లీ గొంతు ఆగును. జోయెల్ లేఖ నందుకొని వెలుపలికి పోవును. టెస్ లేదు గదా! ఉపదేశము చేరవలసినవానికి చేరినది, ఆచరింపవలసిన కాలమే దాటిపోయినది. లేఖ ధర్మోపన్యాసమువలె నున్నను ఈ ఒక్క వక్రతచే బ్రదికినది. దోషమును, గుణమును ఒకే కాగితముపై నుండుట చదువరికి చిక్కే.

కాని ఆ లేఖలో ఒక వాక్యము అబద్ధము. కాపాడదగినవాడు ఒక్కడే యుండెనా? అయినచో ఆ గోతిలోనివారో?

ఇప్పుడు గుడ్డ దగ్గరకు వత్తము. లింకన్ ఊరి జనము తరలిపోవుచుండగా బిల్ చూచుచుండెను. తరువాత వాడు త్రాగిన మద్యము, వారి పెండ్లికి తొడిగిన బట్టలు, దుకాణము, వీధి - ఇవన్నియు ఆ జనమునవే. పదునారేండ్ల ఆ దాంపత్యము ఖాళీచేయబడిన ఊరిలో నడచినది. బిల్ వారిని చంపలేదు. ఆపగలిగినవాడును కాడు. ఇందులో నేరమేమియు లేదు, నేను వానిని బోనులో నిలుపుటలేదు. కాని రంగులు వేయవలెనని, స్నేహితులను విందుకు పిలువవలెనని, వస్తువులపై శ్రద్ధ చూపవలెనని తహతహలాడిన ఫ్రాంక్ కూడ, ఈ యిండ్లలో ఎవరుండిరని ఒక్కమారైన బిల్‌ను అడుగడు. చిత్రకారుడు గదా, గోడమీద ఒక పాత పటమైన కంటబడదా? రచయిత ఆ తల్లిని, బిడ్డను మనకు చూపి, గోతిని చూపి, రెంటిని ముడివైచి, ఆ ముడిని అక్కడనే వదలి విందుకు పోయెను. శ్రద్ధను గూర్చిన కథలో ఇది అశ్రద్ధ. అన్ని దోషములలోను నన్ను బాధించినది ఇదియే.

ఇది అశ్రద్ధ కాదు, ఉద్దేశమే యనువారున్నారు. వారి వాదమునకు బలము మొదటి విడత చివరి భాగములో కలదు. ఎల్లీ దేహమునుండి లోకమునకు మందు చేయబూనినవారు ఆమె ప్రాణము తీయవలసివచ్చునని తెలిసి, జోయెల్ ఆసుపత్రిలో వైద్యునితో సహా అడ్డమువచ్చినవారి నెల్ల చంపి ఆమెను ఎత్తుకొనిపోవును. తనవారొక్కరుండిన చాలును, లోకమేమైన కానిమ్మను బిల్ లేఖయే అక్కడ క్రియయైనది. సైనికులు లోకము కొరకని శిశువును గోతిలో వేసిరి. జోయెల్ ఒక్క పిల్ల కొరకని లోకమును గోతిలో వేసెను. ఈ రెంటి నడుమ ఎక్కడ నిలువవలెనో నాకు తెలియదు. తెలిసినట్లు నటించు నాటకము కాదిది, అది దాని ఘనత. 2025లో వచ్చిన రెండవ విడతలో ఆ వైద్యుని కుమార్తెయే వచ్చి జోయెల్‌ను చంపును. గోతిలోనివారికిని కూతుళ్లుందురని నాటకమునకు అప్పుడు గుర్తువచ్చినదన్నమాట. కాని ఆ వైద్యునికి ముఖమున్నది, పగ తీర్చుకొను కూతురున్నది. లింకన్ తల్లికి ఎవరున్నారు?

బిల్, ఫ్రాంకులు పడుకొనిన గదిలోనికి జోయెల్, ఎల్లీలు పోరు. కుళ్లు వాసన ఇల్లంతయు నిండకుండుటకు కిటికీ తెరచియుంచితినని బిల్ లేఖలో ముందుగనే చెప్పియుండును. కడపటి దృశ్యము ఆ కిటికీయే. లోపలినుండి కెమెరా చూచుచుండగా, వెలుపల ట్రక్కు బయలుదేరి పోవును. బండిలో లిండా రాన్‌స్టాట్ పాట. తెర పలుచగా కదలును. మృతులను చూపకయే మృతుల చూపును మనకిచ్చిన ఆ దృశ్యమును పీటర్ హోర్ ఎంత పొదుపుగా తీసెనో చెప్పుటకు నాకు మాటలు చాలవు.

రెండవమారు తరగతిలో అందరమును కలిసి దీనిని చూచితిమి. దీపములు వేయగానే అందరును పాటను గూర్చియు, కిటికీని గూర్చియు మాటలాడుకొనుచుండిరి. నన్ను ఈ పనికి పురమాయించిన విద్యార్థిని మాత్రము లేచి, "ఆ గుడ్డ ఉన్నచోటికి మళ్లీ ఒకసారి వెనక్కి తిప్పండి సార్" అనెను. త్రిప్పితిని. బిడ్డను ఎత్తుకొన్న తల్లి మరల బండి యెక్కెను.